సమ్మిళిత వృద్ధీ, ఒక కాటా

ఆర్థిక శాస్త్రం తెలుగుకు ప్రసాదించిన పదాల్లో ‘సమ్మిళిత వృద్ధి’ అంత సాధుజీవి మరొకటి లేదు. గ్రూప్స్ పరీక్షకు కూర్చునే అభ్యర్థి ‘ఎదుగుదల ఫలాలు అందరికీ అందడం’ అన్న దాని నిర్వచనాన్ని కంఠతా పడతాడు. బడ్జెట్ ప్రసంగం రాసే అధికారి దాన్ని పులిహోరలో వేరుశెనగ పప్పులాగా పేజీకి నాలుగు చొప్పున చల్లుతాడు. వినేవారు శాంతంగా తల పంకిస్తారు. ఇంతకీ ఎవరిని ఎవరితో సమ్మిళితం చేస్తున్నారని అడిగిన మనిషి నాకు ఇంతవరకు తారసపడలేదు. ఈ మాటను ట్యునీషియా అనే ఉత్తరాఫ్రికా దేశం మీద పన్నెండేళ్ల పాటు ఎలా ప్రయోగించారో చూశాక, అది ఎక్కడ కనబడినా నాకు కాటా గుర్తుకొస్తోంది.

కాటా అంటే రైతుబజారులో వంకాయలు తూచేదే. 2010 డిసెంబరు 17న ట్యునీషియాలోని సీదీ బూజీద్ పట్టణంలో మొహమ్మద్ బూఅజీజీ అనే ఇరవై ఆరేళ్ల తోపుడుబండి వ్యాపారి దగ్గర పురపాలక సిబ్బంది లాక్కున్న సరుకులో అదీ ఉంది. (మన ఊళ్లలోనూ మున్సిపాలిటీ వారి చెయ్యి మొదట కాటా మీదనే పడుతుంది. అది పోయాక బండి నిండా సరుకున్నవాడు కూడా నిరుద్యోగే.) అతడు గవర్నరు కార్యాలయానికి వెళ్లి మొర పెట్టుకోబోతే వినే నాథుడు లేడు. ఆ కార్యాలయం ముందే ఒంటికి నిప్పంటించుకుని, 2011 జనవరి 4న మరణించాడు. జనాగ్రహం దేశమంతా వీధుల్లోకి రావడంతో, మరో పది రోజులకు, ఇరవై మూడేళ్లుగా గద్దె మీదున్న అధ్యక్షుడు బెన్ అలీ విమానమెక్కి సౌదీ అరేబియాకు పారిపోయాడు.

అంతకు ముందు నిపుణులు నిద్రపోయారని ఎవరూ అపోహ పడరాదు. 2008 నవంబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధి అధిపతి స్ట్రాస్ కాన్ స్వయంగా రాజధాని ట్యూనిస్ వచ్చి, ఈ దేశం అనుసరిస్తున్న విధానాలు ఇతరులకు ఆదర్శప్రాయమని కొనియాడి, బెన్ అలీ చేతుల మీదుగా పతకం అందుకుని వెళ్లాడు. 2010లో ప్రపంచ ఆర్థిక వేదిక ప్రకటించిన పోటీతత్వ పట్టికలో ట్యునీషియాది 32వ స్థానం, ఆఫ్రికాలో ప్రథమం. అధ్యక్షుడు పారిపోయిన మూడేళ్లకు, అంటే 2014లో, ప్రపంచ బ్యాంకు పరిశోధకులు లెక్క తీయగా, బెన్ అలీ కుటుంబంతో ముడిపడిన 220 సంస్థలే ప్రైవేటు రంగ లాభాల్లో సుమారు 21 శాతాన్ని దక్కించుకుంటూ వచ్చాయని తేలింది. సమ్మిళితం అప్పటికే దిగ్విజయంగా పూర్తయింది, కాకపోతే ఒకే ఇంట్లో.

ఫ్రాన్సు ముందుచూపును మరువరాదు. బెన్ అలీ పారిపోవడానికి మూడు రోజుల ముందు, జనవరి 11న, ఆ దేశ విదేశాంగ మంత్రి అలియో మారీ తమ పార్లమెంటులో నిలబడి, అల్లర్లను అదుపు చేయడంలో తమ భద్రతా దళాలకున్న నైపుణ్యాన్ని ట్యునీషియాకు అందిస్తామన్నారు. అదే ఫ్రాన్సు అదే సంవత్సరం మే నెలలో, కాసినోకూ గుర్రప్పందేలకూ పేరుపడిన దోవిల్ అనే సముద్రతీర పట్టణానికి జీ8 అనే ఎనిమిది పెద్ద దేశాల కూటమిని పిలిచి, అరబ్ ప్రజాస్వామ్యానికి ఆర్థికంగా దన్నుగా నిలుస్తామని ప్రకటించింది. ప్రపంచంలో ఇన్ని ఊళ్లుండగా పేదల భవిష్యత్తును నిర్ణయించడానికి జూదశాల ఉన్న ఊరినే ఎంచుకోవడంలోని నిజాయితీని నేను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను.

ఆ సమావేశ మందిరానికి ఒక తోపుడుబండి వ్యాపారి వచ్చి, ‘అయ్యా, నా కాటా ఇప్పించండి’ అని అడిగాడని ఊహించుకోండి. ముందుగా అతడి మెడలో సందర్శకుడి కార్డు వేలాడదీస్తారు. కాటా అవసరం ఎంతుందో అంచనా వేయడానికి ఒక కన్సల్టెంటును నియమిస్తారు; అతడు ఆరు నెలల తరువాత తొంభై పేజీల్లో కాటా అవసరమేనని తేల్చి, తూకం రంగంలో సంస్థాగత సంస్కరణలు జరగకుండా ఒక్క కాటాను తిరిగివ్వడం మార్కెట్టును వక్రీకరిస్తుందని హెచ్చరిస్తాడు. దాని మీద మూడు రోజుల కార్యశాల. మొదటి రోజు జ్యోతి ప్రజ్వలన, రెండో రోజు బృంద చర్చ, మూడో రోజు ఫొటోలు. తరువాత కాటాను ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యంలో నడిపితే ఎలా ఉంటుందని ఒకాయన, ఉచితంగా ఇస్తే జనం సోమరులవుతారు గనుక అప్పుగా ఇద్దామని మరొకాయన సూచిస్తారు. చివరికి వ్యాపారికి ‘కాటా రహిత తూకంలో సామర్థ్య నిర్మాణం’ అన్న శిక్షణ ఇచ్చి, హాజరు పట్టీలో సంతకం చేయించుకుని, ఒక సంచీ, ఒక పెన్ను చేతిలో పెట్టి పంపుతారు. కాటా మున్సిపాలిటీ గోదాములోనే ఉంటుంది, ఎందుకంటే అది స్థానిక పాలనా వ్యవహారం. అందులో దాతలు జోక్యం చేసుకోకూడదు.

అతిశయోక్తి అనుకునేవారు అంకెలు చూడవచ్చు. దోవిల్‌లో ప్రకటించిన 2,000 కోట్ల డాలర్లు సెప్టెంబరులో ఫ్రాన్సులోనే మార్సెయ్ నగరంలో జరిగిన తరువాతి సమావేశానికి చేరేసరికి 3,800 కోట్లయ్యాయి. అభివృద్ధి బ్యాంకులు ఇవ్వగల మొత్తమన్న మాట. అందులో అధిక భాగం అప్పే. సలహాలకూ సంస్కరణలకూ గ్రాంటుగా ఇవ్వడానికి 2012లో పెట్టిన పరివర్తన నిధి లక్ష్యం 25 కోట్ల డాలర్లు. 2013లో ద్రవ్యనిధి సుమారు 175 కోట్ల డాలర్లు, 2016లో సుమారు 290 కోట్ల డాలర్లు మంజూరు చేస్తూ, జీతాల ఖర్చు తగ్గించమనీ, ఇంధన రాయితీలు కోయమనీ షరతులు పెట్టింది. 2010లో జాతీయోత్పత్తిలో 40 శాతం దగ్గరున్న ప్రభుత్వ రుణం పన్నెండేళ్లలో 80 శాతం దాకా పాకింది. సమ్మిళితంగా వృద్ధి చెందింది అదొక్కటే. 2018 జనవరిలో అమ్మకపు పన్నూ పెట్రోలు ధరా పెరిగితే, విప్లవం పుట్టిన వీధుల్లోనే జనం మళ్లీ బైటికొచ్చారు, పోలీసులు వందల మందిని పట్టుకుపోయారు. ప్రపంచ బ్యాంకు విద్యుత్ సంస్కరణల వెంట వచ్చిన చార్జీల పెంపునూ, 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పేలిన తుపాకులనూ చూసిన మనకు ఈ వరుస కొత్తగా పరిచయం చేయనక్కరలేదు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. 2021 జులైలో అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటుకు తాళం వేశాడు, మరుసటి ఏడాది దాన్ని రద్దే చేశాడు, ప్రతిపక్ష నాయకులను జైళ్లలో వేయించాడు. 2023 జులైలో అతడి పోలీసులు నల్లజాతి వలసదారులను, వారిలో పిల్లలూ గర్భిణులూ ఉన్నారు, లిబియా సరిహద్దులోని ఎడారిలోకి తోలి నీళ్లు లేకుండా వదిలేస్తే మనుషులు దాహంతో చచ్చిపోయారు. సరిగ్గా ఆ నెలలోనే, 16న, ఐరోపా కమిషన్ అధ్యక్షురాలు, ఇటలీ ప్రధాని, నెదర్లాండ్స్ ప్రధాని ట్యూనిస్‌కు వెళ్లి, వలసల కట్టడితో సహా ఒక ఒప్పందం కుదుర్చుకుని, ఆ మనిషి పక్కన నిలబడి చిరునవ్వుతో ఫొటో దిగారు. సిగ్గుండాలి! ప్రజాస్వామ్యాన్ని కాపాడతామని కాసినో ఊళ్లో ప్రమాణం చేసినవారికి ఎడారిలో శవాలు కనబడలేదా, లేక అవి ఏ పట్టికలోనూ పట్టని అంకెలా?

ఆ ఒప్పందంలో ద్రవ్యనిధి దయతలిస్తే 90 కోట్ల యూరోల అప్పు, బడ్జెట్టుకు 15 కోట్లు, వలసలను ఆపడానికి 10.5 కోట్లు ఉన్నాయి. ట్యునీషియా కుర్రవాడు పని దొరక్క పడవెక్కితే ఇకమీదట గస్తీ పడవలూ రాడార్లూ అతడిని ఇట్టే కనిపెడతాయి. సీదీ బూజీద్ నడిబొడ్డున మాత్రం బూఅజీజీ తోపుడుబండికి రాతి స్మారకం ఉంది. దాని మీద కాయలూ లేవు, కాటా అంతకన్నా లేదు గనుక, దాన్ని జప్తు చేయడానికి ఇంతవరకు ఎవరూ రాలేదు.