క్వాంటం అంటే కంప్యూటరేనా? మా మెట్టకి నీళ్ళ లెక్క కావాలి

అమరావతిలో క్వాంటం వ్యాలీ అన్నప్పట్నించి మా నెల్లూరు గ్రూపుల్లో ఒకటే చర్చ: ఎన్ని క్యూబిట్లు (క్వాంటం కంప్యూటరు సత్తాకి కొలత), ఎన్ని ఉద్యోగాలు అని. సంతోషమే. మరి పరమాణువులతో ఇసుమంత తేడాల్ని కూడా కొలిచే క్వాంటం సెన్సర్ల ఊసు ఒక్కరూ ఎత్తరేం? మెట్టోళ్ళకి ముందు కావాల్సింది అవే.

ఉదయగిరి, వింజమూరు పక్క బోరు వేయించిన ఏ ఇంట్లోనైనా అడగండి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని ఒకాయన చేలో తిరుగుతాడు. కాయ లేచి నిలబడిన చోట బోరు బండి దిగుతుంది. తెల్లటి రాతిపొడి తప్ప తేమ కనపడదు. "అన్నా, ఇంకో వంద అడుగులు దించమంటావా?" అంటారు బండోళ్ళు. రైతు తన పెళ్ళాం మెడలో బంగారం వంక చూస్తాడు.

భూమిలో నీళ్ళు తగ్గితే అక్కడ గురుత్వాకర్షణ రవ్వంత తగ్గుతుంది. 2002లో ఎగిరిన గ్రేస్ జంట ఉపగ్రహాలు సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరుగుతూ, గురుత్వం మారిన చోట ఆ ఎడంలో వచ్చే మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) తేడాతోనే దీన్ని పట్టాయి. రాజస్థాన్, పంజాబ్, హర్యానాల్లో 2002-08 మధ్య 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం పోయిందని 2009లో లెక్క తేలింది. 78 టీఎంసీల మన సోమశిల జలాశయం దాదాపు 49 సార్లు నిండేంత! అయితే వందల కిలోమీటర్ల నేలను కలిపి చూస్తే గానీ గ్రేస్‌కి ఆనేది కాదు. మన జిల్లా విడిగా కనపడేది కాదు.

క్వాంటం పని ఇక్కడే. రుబీడియం పరమాణువుల్ని లేజర్లతో పరమశూన్య ఉష్ణోగ్రత దరిదాపుల్దాకా చల్లబరిస్తే వాటి తరంగ స్వభావం బయటపడుతుంది. లేజర్‌తోనే ఆ తరంగాన్ని రెండుగా చీల్చి మళ్ళీ కలిపితే, గురుత్వంలో ఇసుమంత తేడా ఉన్నా తెలిసిపోతుంది. గురుత్వం కొలిచే పాత పరికరాల్లోని స్ప్రింగు వాడేకొద్దీ సాగుతుంది. రుబీడియం పరమాణువు ఎన్నేళ్ళైనా మారదు. నేల మీద ఆ పరమాణువులు కాసేపట్లో కింద పడిపోతాయి, కక్ష్యలో తేలుతూ ఉంటాయి. రెండింతల సేపు గమనించగలిగితే సున్నితత్వం నాలుగింతలు. నాసా 2025లో ప్రకటించిన ఇలాంటి ప్రయోగ పరికరం బరువు సుమారు 125 కిలోలే.

ఇది బోరు ఎక్కడ వేయాలో చెప్పదు, ఆ ఆశ పెట్టేవాళ్ళని నమ్మొద్దు. ఈ ప్రాంతంలో ఎంత తోడుతున్నాం, ఎంత ఇంకుతోంది అనే లెక్క మాత్రం దగ్గరికొస్తుంది.

2023లో కేంద్రం 6,003.65 కోట్లతో ఆమోదించిన నేషనల్ క్వాంటం మిషన్‌లో సెన్సింగ్ ఒక విభాగం. శ్రీహరికోట మొన్నటిదాకా మన జిల్లాలోదే. ఇస్రో గురుత్వం కొలిచే మన సొంత ఉపగ్రహాన్ని ఒకటి చేసి అక్కడి నుంచే పంపాలి, నెలనెలా లెక్కలు తెలుగులో బయటపెట్టాలి. ఇదే అడుగుతూ మా ఎంపీకి ఉత్తరం రాస్తున్నా. సంతకం పెట్టే మెట్టోళ్ళు కింద చెప్పండి.