ఫ్యాను రెక్క, పురుగు రెక్క

మా వీధి చివర రామాలయంలో నాలుగు సీలింగ్ ఫ్యాన్లున్నాయి. వాటికి పన్నెండు రెక్కలు. పన్నెండింటి మీదా ఎర్ర పెయింటుతో దాతల పేర్లు, ఇంటిపేర్లతో సహా. ఫ్యాను తిరిగితే పేరు కనబడదు, పేరు కనబడితే గాలి రాదు. ఈ ధర్మసంకటంలో మా గుడి కమిటీ ఎప్పుడూ పేరు వైపే నిలబడింది. అందుకే వైశాఖంలో కూడా భక్తులు చెమటలు కక్కుతూ దాతల పేర్లు చదువుకుంటూ ఉంటారు.

శ్రీకాకుళం జిల్లాలో ఎక్కడికెళ్లినా ఇదే వరస. ట్యూబులైటు మీద దాత పేరు రాయగా మిగిలిన చోటు నుంచే వెలుతురు రావాలి. చలివేంద్రం కుండ మీద పేరు, శ్మశానంలో సిమెంటు బెంచీ మీద పేరు. పేరు కోసం చేతికి ఎముక లేకుండా ఖర్చుపెట్టే జనం మనం. అలాంటి మన మధ్య పేర్లు పెట్టడమే పనిగా ఉన్న శాస్త్రం ఒకటి పైసా లేక ఎండిపోతోందంటే లోపం శాస్త్రానిది కాదు, మార్కెటింగుది. దాన్ని సరిదిద్దే బాధ్యత నేను తీసుకున్నాను. నన్ను ఎవరూ అడగలేదన్న మాట నిజమే.

మా మేనల్లుడు ఆ శాస్త్రంలోనే, అంటే జీవుల వర్గీకరణ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. ఈ మాట బయట చెప్పడం మానేశాం. మొదటిసారి చెప్పినప్పుడు మా ఊరి పెద్దాయన ఒకరు, "వర్గీకరణ మీద 2024లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసింది కదా, ఇంకా పరిశోధన దేనికి?" అన్నారు. అది కులాల వర్గీకరణ, ఇది పురుగులది అని వివరించాం. ఆయన కాసేపు ఆలోచించి, "వాటికీ రిజర్వేషనిస్తారా?" అన్నారు.

పెళ్లిచూపుల్లో అయితే మరీనా. "అబ్బాయి ఏం చేస్తాడు?" అన్నారు ఆడపిల్లవారు. "కొత్తవాటికి పేర్లు పెడతాడు" అంది మా అక్క గర్వంగా. "ఓహో, పౌరోహిత్యమా! బారసాలలకి బాగా ముడుతుందట గదా" అని వాళ్లు సంతోషపడ్డారు. జీతం సంగతి అడిగేదాకా ఆ సంతోషం నిలిచింది.

వాడు చూసేది ఒక మిల్లీమీటరు కూడా ఉండని కందిరీగల్ని. వాటిని పట్టడానికి పసుపు రంగు ప్లాస్టిక్ గిన్నెల్లో సబ్బునీళ్లు పోసి పొలం గట్ల మీద వరసగా పెడతాడు. పసుపు చూసి పువ్వనుకుని వచ్చి పడతాయట. ఒకసారి అమావాస్య ముందురోజు వంగతోటలో పెట్టాడు. తెల్లారేసరికి గట్టు చుట్టూ జనం. ఎవరో చిల్లంగి పెట్టారని గుసగుసలు. "అది పరిశోధన బాబూ" అని నేను అడ్డుపడితే, "పరిశోదనైతే కారు రావాలి, బోర్డుండాలి, ఆఫీసర్లుండాలి. గిన్నెలెట్టుకుని కూకుంటే పరిశోదనేటి?" అన్నాడు రైతు. పరిశోధనా సంస్థల మూల్యాంకన పద్ధతిని ఇంత క్లుప్తంగా చెప్పినవాణ్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

నిజానికి మన జిల్లాలో రోజూ పనిచేసే వర్గీకరణ శాస్త్రవేత్త ఒకడే ఉన్నాడు. పురుగుమందుల షాపాయన. రైతు క్యారీబ్యాగులో కొబ్బరాకు తెస్తాడు, అడుగున తెల్లగా, సుళ్లుసుళ్లుగా మైనం. "ఏటిది బావూ?" షాపాయన ఫోన్లోంచి తల ఎత్తకుండా "దోమ" అంటాడు. రెండు సీసాలు కౌంటరు మీదికొస్తాయి. గుర్తింపు, నామకరణం, చికిత్స, బిల్లు అన్నీ కలిపి ముప్పై సెకన్లు. నా మేనల్లుడు ఇదే పనికి ఆరు నెలలు తీసుకుంటాడు, పైగా చివర్లో "ఇంకొన్ని నమూనాలు చూడాలి" అంటాడు. మరి నిధులు ఎవరికిస్తారు?

ఆ తెల్లదోమ అసలు దోమే కాదు, పేనుబంకకి చుట్టం. కొబ్బరి మీద సుళ్లు చుట్టే ఈ రకం మన దేశంలో 2016లో బయటపడింది. దాని వెనకాలే ఎవరూ పిలవకుండా ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే బుల్లి కందిరీగ కూడా కనబడింది. తెల్లదోమ పిల్ల ఒంట్లో గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పురుగు దోమపిల్లని లోపల్నుంచే తినేసి, వీపుకి గుండ్రటి కన్నం పెట్టుకుని బయటికొస్తుంది. పైసా తీసుకోదు. షాపాయన ఇచ్చిన మందు కొడితే ముందు చచ్చేది ఇదే. అచ్చం దీనిలాగే ఉండి వేరే పని చేసే కందిరీగలు బోలెడు. ఏది ఏదో చెప్పగలిగే కళ్లు దేశం మొత్తమ్మీద కొన్నే. ఆ కళ్లకి కూడా శుక్లాలు వస్తున్నాయి.

కొత్త కళ్లు తయారుచేయడానికి మన దేశంలో ఏర్పాట్లు లేవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో లైఫ్ సైన్సెస్ సిలబస్ 13 యూనిట్లు. జీవ వైవిధ్యం, వర్గీకరణ 9వ యూనిట్‌లో ఉన్నాయి. కోచింగ్ సెంటర్లు దాన్ని చివరి వారానికి ఉంచుతాయి, అదీ గోల్డెన్ టిప్స్ రూపంలో. అణుజీవశాస్త్రం బట్టీపట్టి గట్టెక్కినవాడికి 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక భృతి నెలకి 37 వేలు. గట్టెక్కాక పురుగుల దగ్గరికి ఎందుకొస్తాడు?

పర్యావరణ శాఖ వారు 90ల చివర్లో దేశవ్యాప్త వర్గీకరణ ప్రాజెక్టు ఒకటి పెట్టారు, ఐకాప్‌టాక్స్ అని. పేరు వింటే జీఎస్టీకి అన్నలాగుందని మా ఊళ్లో ఎవరూ దాని జోలికి పోలేదు. 1999లో వృక్షశాస్త్రవేత్త జానకీ అమ్మాళ్ పేరుతో జాతీయ అవార్డు కూడా పెట్టారు. ఎంతో గౌరవం. ఆ గౌరవానికి తగిన వయసు వచ్చేదాకా ఏం తిని బతకాలన్నది అభ్యర్థి స్వవిషయం. 2017లో మొదలైన హరిత నైపుణ్య కార్యక్రమంలో పారాటాక్సానమిస్టులకి, అంటే వర్గీకరణ శాస్త్రవేత్తలకి సాయపడేవాళ్లకి కూడా చిన్న కోర్సులు పెట్టారు. నిజంగా మంచి పనే, వ్యంగ్యం కాదు. కోర్సయ్యాక సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని చూసి ఉద్యోగమిచ్చే ఆఫీసు ఏది అన్న పాఠం మాత్రం సిలబస్‌లో పడలేదు.

పరిశోధనలో తొలి అడుగు వేసేవాళ్లకని గ్రాంట్లున్నాయి. ఇన్నాళ్లూ సెర్బ్ అనే కేంద్ర ప్రభుత్వ బోర్డు ఇచ్చేది, 2023లో వచ్చిన చట్టంతో దాని స్థానంలో ఏఎన్‌ఆర్‌ఎఫ్ అనే సంస్థ వచ్చింది. పాత పేరు పోయి కొత్త పేరు రావడం మా వాడికి అలవాటైన సంగతే గనక కంగారు పడలేదు. నిబంధనలు చదివి కంగారు పడ్డాడు. తొలి అడుగు గ్రాంటుకి రెగ్యులర్ ఉద్యోగం ఉండాలి. ఆ ఉద్యోగం కావాలంటే ఇంటర్వ్యూలో "ఇంతకుముందు గ్రాంటు ఏమైనా తెచ్చారా?" అని అడుగుతారు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. మా వాడికి రెండూ పెండింగ్.

విజయనగరంలో సిరిమానుకి పనికొచ్చే చింతచెట్టు ఎక్కడుందో పైడితల్లి అమ్మవారు పూజారికి కలలో చెబుతుందంటారు. ఫెలోషిప్ ఏ ఆఫీసు ఏ వెబ్‌సైట్లో ఏ మూల పెట్టిందో పరిశోధకుడికి కలలో కూడా ఎవరూ చెప్పరు. ఆఖరి తేదీ అయిపోయిన మర్నాడు వాట్సాప్ గ్రూపులో ఎవరో పీడీఎఫ్ పంపుతారు. కింద ఇరవై మంది "థాంక్యూ సార్" పెడతారు.

విదేశాల్లో కూడా దారులున్నాయి. లండన్ లినియన్ సొసైటీ, సిస్టమాటిక్స్ అసోసియేషన్ కలిసి ఇచ్చే నిధి ఉంది. మొక్కల వాళ్లకి ఐఏపీటీ అనే అంతర్జాతీయ సంఘం గ్రాంట్లున్నాయి. హార్వర్డ్ మ్యూజియంలో నమూనాలు చూడ్డానికి ఎర్న్‌స్ట్ మాయర్ పేరుతో ప్రయాణ ఖర్చులిస్తారు. మన పురుగుని చూడ్డానికి అంతదూరం ఎందుకని మా అక్క అడిగింది. ఒక జాతికి మొదట పేరు పెట్టినప్పుడు ఏ నమూనా చూసి పెట్టారో, వివాదమొస్తే మళ్లీ దాన్నే చూడాలి. మనవి ఎన్నో లండన్‌లోనే ఉండిపోయాయి. "అంటే పురుగు అక్కడ ఏసీలో, నువ్వు ఇక్కడ ఉక్కలోనా?" అంది అక్క. ఆమెకి ఈ శాస్త్రం నాకంటే తొందరగా అర్థమవుతోంది.

మనకి ఈ శాస్త్రం కొత్తేమీ కాదు. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ డాక్టరు యాభై దాటాక విశాఖపట్నం వచ్చి పాములూ చేపలూ పట్టాడు. ఇప్పటి రూల్స్ ప్రకారం జేఆర్‌ఎఫ్‌కి వయసు దాటిపోయినవాడు. విశాఖ దగ్గర సేకరించిన 200 చేపల మీద రెండు సంపుటాల పుస్తకం 1803లో ఈస్టిండియా కంపెనీ ఖర్చుతో వచ్చింది, బెస్తలు చెప్పిన తెలుగు పేర్లతో సహా. కట్లపాముల ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకి శాస్త్రం పెట్టిన బంగారస్ అన్న పేరు ఆయన రాసుకున్న మన 'బంగారం పాము' నుంచే వెళ్లింది. పందికొక్కు కూడా బ్యాండికోటా అయి కూర్చుంది. కప్పం పిండుకున్న కంపెనీ కూడా చేపల బొమ్మలకి డబ్బిచ్చింది. నేను కంపెనీ పాలన రావాలనడం లేదు, ఫైలు కదిలిన వేగం గురించి మాట్లాడుతున్నాను.

సరే, పేరొస్తే చాలదు, అచ్చవ్వాలి. జంతు వర్గీకరణలో కొత్త జాతులు ఎక్కువగా అచ్చయ్యే పత్రిక జూటాక్సా. 2020లో ఆ పత్రిక తన వ్యాసాల్ని తానే మరీ ఎక్కువగా ఉదహరించుకుంటోందని పత్రికల విలువకి కొలతగా చూసే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జాబితాలోంచి తీసేశారు. పురుగుల పేర్లన్నీ అక్కడే ఉంటే మరెక్కణ్నుంచి ఉదహరిస్తారు అని ప్రపంచమంతా గొడవ చేస్తే నెల తిరక్కుండా మళ్లీ చేర్చుకున్నారు. ఆ నెల రోజులూ మా వాడు అన్నం సరిగ్గా తినలేదు. కరోనా అనుకుని మేం కషాయం తాగించాం.

పేర్లలో తప్పులు మనకి పెద్ద పట్టింపు కాదన్నది కూడా ఒప్పుకోవాలి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూళ్లు కట్టే గూడబాతుల్ని, ఎర్రకాళ్ల కొంగల్ని తరతరాలుగా సైబీరియా పక్షులంటున్నాం. బోర్డులూ అలాగే రాశాం. ఆ గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియా దాటి పోయే రకం కాదు. సైబీరియా మొహం ఎరగదు. మా వాడు ఇది అక్కడి టీకొట్లో చెప్పబోయాడు. "అయితే ఇన్నాళ్లూ మేం కాపాడింది లోకల్ పిట్టలనా?" అని టీకొట్టాయన మొహం మాడ్చుకున్నాడు. ఫారిన్ సంబంధమని మురిసినవాడికి పెళ్లికొడుకు పక్కూరివాడని చెప్పినట్టయింది. ఆ టీకి మాత్రం డబ్బులు ఠంచనుగా తీసుకున్నాడు.

ఇక నా పథకానికి వస్తాను. 2005లో బొలీవియాలో దొరికిన ఒక కొత్త కోతికి పేరు పెట్టే హక్కుని వేలం వేశారు. ఆన్‌లైన్ జూదం కంపెనీ ఒకటి ఆరున్నర లక్షల డాలర్లు ఇచ్చి తన పేరు లాటిన్‌లోకి మార్పించి కోతికి తగిలించింది. డబ్బు ఆ అడవి సంరక్షణకి వెళ్లింది. జూదగాళ్లకి తట్టిన ఆలోచన దానకర్ణులున్న మనకి తట్టకపోతే ఎలా? ఫ్యాను రెక్క మూడేళ్లకి తుప్పు పడుతుంది, ట్యూబులైటు మాడిపోతుంది. జంతువుల శాస్త్రీయ నామాల లెక్క 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పుస్తకంతో మొదలైంది, ఆనాటి పేర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఇంత గ్యారంటీ ఏ ఫ్యానుకిస్తారు? మగవారి పేరు చివర 'ఐ' (i) అక్షరం, ఆడవారి పేరు చివర 'ఏఈ' (ae) అక్షరాలు చేరిస్తే చాలు, లాటిన్ సిద్ధం. గోత్రం కావాలంటే ప్రజాతి అనే గడి ఎలాగూ ఉంది.

మేనల్లుడు ఒక్క చిక్కు చెప్పాడు. అదే పురుగుకి ఎవరో ముందే పేరు పెట్టారని తర్వాత తేలితే పాత పేరే చెల్లుతుంది, మనది పర్యాయపదంగా పక్కకి పోతుంది. "అప్పుడు దాత డబ్బు వెనక్కి అడిగితే?" అన్నాడు. రసీదు వెనక చిన్న అక్షరాలతో ఏదో ఒకటి రాద్దాంలే అన్నాను.

మా పట్టణంలో జీడిపప్పు వ్యాపారి ఒకాయన ఉన్నారు. గుళ్లో మూడు రెక్కలు ఆయనవే. ఆదివారం పొద్దున్న ఇద్దరం వెళ్లాం. మా వాడు పాత మైక్రోస్కోపు బల్లమీద పెట్టి, కోసుగా కత్తిరించిన చిన్న అట్టముక్క కొసన జిగురుతో అంటించిన కందిరీగని చూపించాడు. కింద పేలిక లాంటి లేబుల్, దాని మీద ఊరు, తేదీ, పట్టినవాడి పేరు. కొత్త జాతే అయ్యుండాలని వాడి నమ్మకం. వ్యాపారి గారు ఒక కన్ను మూసి చూశారు. కన్ను మార్చి చూశారు.

"ఇదేనా? ఇంతేనా?"

"ఇంతేనండి."

"నా పేరుకి ఇంత చిన్నదా? ఏనుగు లాంటిది లేదా బాబూ? ఒరిస్సా నుంచి దిగుతున్నాయి గదా."

"ఏనుగుకి ఆల్రెడీ పేరుందండి."

ఆయన నిట్టూర్చారు. మర్యాదకి అడిగినట్టుగా, "ఇంతకీ ఇది ఏం చేస్తుంది?" అన్నారు. మా వాడికి ఊపొచ్చింది. ఇది వేరేవాడి ఇంట్లో, అంటే ఒంట్లో చేరుతుందని, బయటికి ఏమీ తెలియదని, లోపల కూర్చుని మెల్లమెల్లగా మొత్తం తినేసి, ఆఖరికి కన్నం పెట్టుకుని బయటికొస్తుందని, ఇచ్చినవాడికి గుల్ల తప్ప ఏమీ మిగలదని చెప్పాడు.

వ్యాపారి గారు కుర్చీలో ముందుకి జరిగారు. మళ్లీ మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు.

"డబ్బు నేనిస్తాను" అన్నారు. "పేరు మాత్రం మా తోడల్లుడిది పెట్టు."

ఎవరి మనసూ నొప్పించే పేరు పెట్టకూడదని అంతర్జాతీయ నియమావళి చెబుతోందని మా వాడు గొణిగాడు.

"నొప్పేముంది? సన్మానం అనుకుంటాడు. ఫంక్షన్ హాలు బుక్ చేద్దాం, శాలువా కూడా కప్పుదాం. ఏం చేస్తుందన్నది మాత్రం ఇంగ్లీషులోనే రాయి."

మా వాడు నా వైపు చూశాడు. నేను మైక్రోస్కోపు వైపు చూశాను. కాసేపయ్యాక వాడు పెన్ను తీసి, తోడల్లుడి గారి ఇంటిపేరు స్పెల్లింగ్ అడిగాడు.