సింహాచలం వచ్చాడా, వచ్చిందా?

తెలుగు వ్యాకరణానికి పొంచి ఉన్న ఒక ముప్పును పాఠకుల దృష్టికి తేవడం నా విధి. మనవాళ్లు పిల్లలకు ఊళ్ల పేర్లు పెడుతున్నారు. సింహాచలం, అన్నవరం, శ్రీశైలం, భద్రాచలం, యాదగిరి, తిరుపతి. మొక్కుకునేది దేవుడికి, తీరా బిడ్డ పుట్టాక ఆయన పేరు వదిలేసి చిరునామా పెడతారు. సత్యనారాయణస్వామిని కొలిచి కన్న కొడుకు అన్నవరం అవుతాడు.

మగపిల్లలను క్రియాపదం కొంత కాపాడుతుంది. బస్సులో కునుకు తీస్తున్నవాడికి 'సింహాచలం వచ్చింది' అని వినబడితే దిగాలి, 'సింహాచలం వచ్చాడు' అని వినబడితే జరిగి చోటివ్వాలి. 'సింహాచలం వెళ్లాడు' అంటే మాత్రం చిక్కే. వెళ్లినవాడు సింహాచలమా, వెళ్లిన చోటు సింహాచలమా? 'సింహాచలం సింహాచలం వెళ్లాడు' అని తేల్చి చెప్పబోతే రికార్డు అరిగిందనుకుంటారు.

ఆడపిల్లలకు ఆ పాటి రక్షణా లేదు. మన భాషలో ఏకవచనంలో స్త్రీకీ ఊరికీ ఒకటే క్రియ. (దీని మీద స్త్రీలు ఇంతవరకు నిలదీయకపోవడం వైయాకరణుల అదృష్టం.) 'ద్వారక మునిగింది!' అని పక్కింట్లోంచి వినిపిస్తే అది పురాణ కాలక్షేపమో, పరుగెత్తవలసిన కబురో మీరే తేల్చుకోవాలి.

ఈ అలవాటు మనకొక్కరికే కాదు. ఇటలీ వెళ్లిన ఇంగ్లీషు నైటింగేల్ దంపతులకు 1819లో నేపుల్స్‌లో పెద్దమ్మాయి పుట్టింది. అక్కడి పురాతన గ్రీకు స్థావరం పేరు పార్థినోపే, అదే పెట్టారు. 1820లో ఫ్లారెన్స్‌లో పుట్టిన చిన్నమ్మాయి ఫ్లారెన్స్ అయింది, నర్సుగా లోకమంతా ఎరిగిన ఫ్లారెన్స్ నైటింగేల్ ఆమే. తల్లిదండ్రులు వాళ్లే, పద్ధతీ అదే. చెల్లెలి పేరు ఎన్నో దేశాల్లో ఉయ్యాలలెక్కింది, అక్క పేరు జోలికి ఎవరూ పెద్దగా పోలేదు. అందుచేత నిండు నెలల్లో ప్రయాణం పెట్టుకునేవారు టిక్కెట్టు కొనేముందు ఊరి పేరు ఒకసారి పైకి పలికి చూసుకోవాలని మనవి.

ఊళ్లకేం, పేరు మార్చుకున్నా చెల్లుతుంది. యాదగిరిగుట్ట కొన్నాళ్లు యాదాద్రి అయింది, 2016లో ఏర్పడిన జిల్లా పేరులోకీ ఎక్కింది. యాదగిరులు మాత్రం పాత ధ్రువపత్రాలతోనే కాలం వెళ్లదీస్తున్నారు.

మొన్న ఒక పెద్దమనిషి దరఖాస్తు నింపి ఇచ్చాడు. పేరు తిరుపతి, తండ్రి పేరు శ్రీశైలం, స్వస్థలం భద్రాచలం. గుమాస్తా తల ఎత్తకుండానే అన్నాడు: "యాత్రల టిక్కెట్లు పక్క కిటికీలో."