రెండు మెల్‌బోర్న్‌లు, ఒక ఆవకాయ డబ్బా

మా అమ్మాయి ఉండేది మెల్‌బోర్న్‌లో. పక్కింటి మాస్టారి మేనల్లుడు వెళ్తున్నదీ మెల్‌బోర్న్‌కే. ఇంకేం కావాలి? మా ఆవిడ రెండు కిలోల ఆవకాయ డబ్బాకెత్తి, నూనె కారకుండా మూత చుట్టూ నాలుగు వరసలు టేపు వేసి అప్పగించింది. దేశం పేరు మాత్రం ఎవరమూ ఎత్తలేదు. నాకు విదేశమంటే అమెరికా. మాస్టారికి మెల్‌బోర్న్ అంటే బాక్సింగ్ డే క్రికెట్ టెస్టు.

కుర్రాడు విమానం దిగగానే అమ్మాయికి వాట్సాప్‌లో ఫోను చేశాడు. పావుగంటలో ఆమె విమానాశ్రయం చేరింది.

“గుమ్మం దగ్గరే ఉన్నాను తమ్ముడూ. ఇక్కడ పట్టుమని పదిమంది లేరు, నువ్వు కనబడవేమిటి?”

“పదిమందేమిటక్కా, నిలబడడానికే చోటు లేదు! పైగా చలికి వణికిపోతున్నాను.”

“మే నెలలో చలా? నాకు చెమటలు కారుతున్నాయి.”

“ఉదయం ఎనిమిదింటికే చెమటలా?”

“సాయంత్రం ఆరయింది కదయ్యా!”

ఆ తరువాత కాసేపు ఇద్దరికీ మాట పెగల్లేదట. అతనున్నది ఆస్ట్రేలియాలో, సోమవారం. ఈమె ఉన్నది అమెరికాలోని ఫ్లోరిడాలో, ఇంకా ఆదివారమే.

తెల్లవారుజామున మూడున్నరకు నాకు కబురందింది. ఇక నిద్రేం పడుతుంది? ఈ పేరు గొడవ ఎక్కడ మొదలైందో వెతుకుతూ కూర్చున్నాను. అసలు మెల్‌బోర్న్ ఇంగ్లండులో, డెర్బీషైర్‌లో ఒక చిన్న ఊరు. ఆ ఊరి పేరే బిరుదుగా గల బ్రిటిష్ ప్రధాని లార్డ్ మెల్‌బోర్న్. ఆయన పేరును 1837లో ఆస్ట్రేలియా ఊరికి పెట్టారు. అక్కడ చాలాకాలం ఉండి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఫ్లోరిడా ఊరికి మొదటి పోస్టుమాస్టరు. ఆయన గౌరవార్థం ఆ ఊరూ మెల్‌బోర్న్ అయింది. చిరునామాల తికమకకు సాక్షాత్తూ పోస్టుమాస్టరే కారణం!

అంతటితో ఆగిందా? హెలెన్ మిచెల్ అనే ఆస్ట్రేలియా గాయని తన నగరం పేరు తుంచుకుని నెల్లీ మెల్బా అయింది. ఆమె పేరుతో ఎస్కోఫియర్ అనే వంటగాడు ‘పీచ్ మెల్బా’ చేశాడు. ఊరి పేరు ఐస్‌క్రీము గిన్నెలోకి చేరింది గానీ, మా ఆవకాయ అమ్మాయి కంచంలోకి చేరలేదు.

కుర్రాడు మర్యాదస్తుడు. “డబ్బా ఏం చేయమంటారు పిన్నిగారూ?” అని అడిగాడు.

“తినేయి నాయనా,” అంది మా ఆవిడ, కన్యాదానం చేస్తున్నంత బరువుగా.

ఇప్పుడు రెండో డబ్బా సిద్ధమైంది. మూత మీద ఊరి పేరు లేదు. స్కెచ్ పెన్నుతో ‘అమెరికా’ అని రాసి, కింద రెండు గీతలు గీసింది.