ముప్పై రెండు బిట్ల స్క్రూడ్రైవర్ పెట్టె గారికి

మహారాజశ్రీ చిన్న స్క్రూడ్రైవర్ పెట్టె గారి సముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా బీరువా పై అరలో, పాత చార్జర్ వైర్ల కింద క్షేమంగానే ఉన్నారని తలుస్తాను. పది తలలకే రావణాసురుడు మూడు లోకాలనూ గడగడలాడించాడు. తమకు ముప్పై రెండున్నాయి, బిట్లని పిలిచే మార్చుకునే మొనలు. అయినా మా ఇంట్లో తమకు టెస్టర్‌కున్న పాటి విలువ లేదు. ఎందుకో విన్నవించుకుందామనే ఈ ఉత్తరం.

టెస్టర్ గారి హోదా తమకు తెలియంది కాదు. కరెంటు ఉందో లేదో చూడటం ఆయన అసలు ఉద్యోగం. స్విచ్‌బోర్డు మరలు బిగించడం, రంగు డబ్బా మూత లేపడం, పిల్లల బొమ్మ కారులో బ్యాటరీలు మార్చడం అదనపు బాధ్యతలు. ఆయన వల్ల కాకపోతే చాకు మొన. చాకు వంగితే కటింగ్ ప్లేయర్. వీళ్లంతా కలిసి మర తలను నున్నగా అరగదీశాక, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఊడదని తేలాక, అప్పుడు ఎవరో ఒకరంటారు: "మనింట్లో చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు ఉండాలే!" తమరు వచ్చేసరికి పట్టుకోవడానికి అక్కడ గాడే మిగలదు. ఆ నేరం కూడా తమ మీదే వేస్తాం. "చైనా సరుకు, ఇంతే" అని మూత మూసేస్తాం.

కళ్లజోడు విషయంలో మాత్రం తమ దయ లేనిదే మాకు పూట గడవదు. కాడ దగ్గరి మర ఊడి కింద పడిందంటే, దాన్ని వెతకాలంటే కళ్లజోడు ఉండాలి, కళ్లజోడు నిలవాలంటే ఆ మర దొరకాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు. ఆ నువ్వుగింజంత మరను తమ మొనకున్న అయస్కాంతం అందుకుంటుంది చూశారూ, ఆ ఒక్క క్షణం మాత్రం ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి తమనే చూస్తారు.

తమరిని పట్టుకోవడమూ ఒక విద్యే. పెద్ద స్క్రూడ్రైవర్‌నైతే గుప్పిట బిగించి, మణికట్టు తిప్పి, లోకం మీద ఉన్న కోపమంతా దాని మీద తీర్చుకోవచ్చు. తమ దగ్గర ఆ ఆటలు సాగవు. నెత్తి మీద గిరగిరా తిరిగే టోపీకి చూపుడు వేలు ఆనించి కిందికి నొక్కాలి. బొటనవేలూ మధ్యవేలూ మాత్రమే తిప్పాలి. బిగించేటప్పుడు మొదట వెనక్కి కాస్త తిప్పితే, థ్రెడ్ టక్కున గాట్లో కూర్చున్నట్టు వేళ్లకు తెలుస్తుంది. అప్పుడు ముందుకు తిప్పాలి. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీలో, ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్లో ఫోన్లు బాగుచేసే కుర్రాళ్లు చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కిపట్టి, అవతలివాళ్లతో బేరం ఆడుతూనే ఇదంతా చేసేస్తారు. మేం ఇంట్లో ఫ్యాన్ ఆపి, పిల్లల్ని తరిమేసి, టేబుల్ లైట్ పెట్టుకుని కూడా చేయలేం.

ఇక అసలు సంగతి. తమకు ఇన్ని తలలెందుకో తెలుసుకుందామని తమ వంశ చరిత్ర తిరగేశాను. మొదటి తరాలవాళ్లు మర్యాదస్తులే. కెనడాలో రాబర్ట్‌సన్ అనే ఆయన 1908లో నలుచదరపు గుంట ఉన్న మర తెచ్చాడు, బిట్టు జారకుండా ఉండాలని. దాని హక్కుల దగ్గర ఫోర్డు కార్ల కంపెనీతో బేరం కుదరక, అది కెనడాలోనే పెద్దమనిషిగా మిగిలిపోయింది. అమెరికాలో థాంప్సన్ అనే ఆయనకు తట్టిన కూడిక గుర్తు గాడి ఆలోచనను ఫిలిప్స్ అనే ఆయన కొని మెరుగుపరిచాడు. 1936లో పేటెంట్లు వచ్చాయి, కాడిలాక్ కార్లలోకి ఎక్కింది. మనం స్టార్ అని పిలుచుకునేది ఆయన్నే. 1967లో ఆరు రేకుల టార్క్స్ వచ్చింది, ఇంకా గట్టి పట్టు కోసం. ఇంతవరకూ తగువంతా పనితనం గురించే.

ఆ తర్వాత ఏ మహానుభావుడికి తట్టిందో గానీ, ఆరు రేకుల గుంట నడుమ ఒక బుల్లి మేకు నిలబెట్టారు. దానివల్ల మర ఇంకాస్త బిగుస్తుందా అంటే లేదు. మామూలు బిట్టు లోపలికి దూరదు, అంతే! 2009లో యాపిల్ వారు మ్యాక్‌బుక్ ప్రోలో ఐదు రేకుల మర పెట్టారు. మొదట్లో అమ్మిన ఐఫోన్ 4లకు ఫిలిప్స్ మరలే ఉండేవి. సర్వీసుకిస్తే వాటిని తీసేసి ఐదు రేకులవి బిగించి తిరిగిస్తున్నారని 2011లో అమెరికాలో పెద్ద గోలే అయింది. చొక్కా ఇస్త్రీకిస్తే గుండీలకు తాళం వేసి ఇచ్చినట్టు.

అంటే అయ్యా, తమ తలల్లో కొన్ని మర తిప్పడానికి పుట్టినవి కావు, మమ్మల్ని గుమ్మం బయట నిలబెట్టడానికి పుట్టినవి. నేను డబ్బు పోసి కొన్న ఫోను నాకే మడి కట్టుకుని కూర్చుంది. ఒక సర్వీస్ సెంటర్‌లో భూతద్దం పెట్టి మర తల చూసి, "బయట విప్పించారా సార్?" అని అడిగారు. ఆ గొంతులో ఉన్న అనుమానం పోలీస్ స్టేషన్లో కూడా వినలేదు. మర మీద సన్నటి గీత ఉందట. వారంటీ అక్కడికక్కడే పరమపదించింది.

తలుపు తెరిచినా గండం గడవదు. లోపల మరలు చూడ్డానికి కవలలు. ఒకటి రెండోదానికంటే మిల్లీమీటరులో పిసరంత పొడుగు. పొడుగుది తెచ్చి పొట్టిదాని చోట బిగిస్తే కింద బోర్డులో తీగలు తెగుతాయి. అందుకే తెలిసినవాళ్లు విప్పిన మరను విప్పినట్టే, ఫోను బొమ్మ గీసిన కాగితం మీద ఆ స్థానంలోనే టేపుతో అంటిస్తారు. ఈ పని నేర్పే బిట్టు మాత్రం తమ పెట్టెలో లేదు.

ప్రభుత్వం వారికీ ఈ బాధ తెలిసింది. 2022 జులైలో రిపేరు హక్కు మీద కేంద్రం కమిటీ వేసింది. డిసెంబరులో పోర్టల్ తెరిచింది. పోర్టల్ తెరుచుకుంది గానీ, ఫోను తెరవాలంటే మళ్లీ తమరే దిక్కు. ఐరోపా వాళ్లు ఇంకో అడుగు వేశారు. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే వస్తువుల్లో బ్యాటరీని బజార్లో దొరికే పనిముట్లతో కొనుక్కున్నవాడే తీయగలగాలి. ప్రత్యేకమైన పనిముట్టు కావాలంటే ఉచితంగా ఇవ్వాలి. మినహాయింపులు కూడా ఉన్నాయనుకోండి, చట్టమన్నాక ఆ మాత్రం సందులు ఉండకపోతే వకీళ్లు ఏం తింటారు?

కాబట్టి తమరికి నా విన్నపం ఒక్కటే. ఐదు రేకుల బిట్టును మూలకు నెట్టకుండా ముందు వరసలో పెట్టండి. పక్కింటివాళ్లు అరువు తీసుకెళ్లేది కూడా సరిగ్గా దాన్నే.

ఇట్లు,
తమ విధేయుడైన ఒక ఫోను కొనుగోలుదారు (యజమాని అని రాసుకునే ధైర్యం చాలక)

తా.క.: తమ తమ్ముడుగారు, అదే చార్జింగ్ పెడితే తనంతట తనే తిరిగే కొత్త స్క్రూడ్రైవర్ గారు, ఈ మధ్య మంచాన పడ్డారు. బ్యాటరీ పోయినట్టుంది. విప్పి చూద్దామని ఒళ్లంతా వెతికాను. ఒక్క మరా లేదు. అంతా జిగురే.