గుడిసెలు కాలినవాళ్లకు పత్రిక లేదు

1918లో మద్రాసు పెరంబూరులోని బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల కార్మికులు అడిగింది స్వరాజ్యం కాదు. మధ్యాహ్నం అన్నం తినడానికి ఇంకాస్త టైమ్. ఇచ్చేది అరగంట. ఆ అరగంటలోనే చేతులు కడుక్కోవాలి, కూర్చోవడానికి కాస్త చోటు వెతుక్కోవాలి, నాలుగు ముద్దలు మింగి మళ్లీ మగ్గం దగ్గరికి పరుగెత్తాలి. ఆ ఏప్రిల్‌లో మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది ఇలాంటి బాధల్లోంచే.

యూనియన్ అధ్యక్షుడు బి.పి. వాడియా అనీబిసెంట్ అనుచరుడు, ఆమె నడిపిన ‘న్యూ ఇండియా’లో పనిచేసినవాడు. ఆయనతోపాటు నిలబడిన తిరు.వి. కల్యాణసుందర మొదలియార్ ‘దేశభక్తన్’ సంపాదకుడు. సాయంత్రం సభలో మాట్లాడేదీ, పొద్దున పేపర్లో రాసేదీ ఒకే గుంపన్నమాట. ఇది పక్షపాతం కాదా? ముమ్మాటికీ పక్షపాతమే. కానీ అది కూడా లేకపోతే అరగంట అన్నం గోడు ఎవరికి పట్టేది? తెల్ల వ్యాపారుల గొంతుగా నడిచిన ‘మద్రాస్ మెయిల్’కా? అందుకే ఒక పక్షం పట్టడమే నేరమని మేం అనబోము.

అసలు చిక్కు 1921లో వచ్చింది. మేలో కర్ణాటిక్ మిల్లులో రాజుకున్న గొడవ జూన్‌లో బకింగ్‌హాంకు పాకింది. ఆదిద్రావిడ (అంటే దళిత) కార్మికుల్లో చాలామంది తమ నాయకుడు ఎం.సి. రాజా మాట విని, ఇంట్లో పొయ్యి వెలగక, పనిలోకి వెళ్లిపోయారు. మిగతా కులాల హిందువులూ ముస్లింలూ సమ్మెలోనే ఉన్నారు. నిన్నటిదాకా పక్కపక్కన పనిచేసినవాళ్లు కొట్టుకున్నారు. పులియాంతోపులో ఆదిద్రావిడుల గుడిసెలు తగలబడ్డాయి. ఆగస్టు 29న పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి.

అప్పుడు మంత్రివర్గం జస్టిస్ పార్టీది, దాని పెద్ద మన పానగల్లు రాజా. పోలీసులు మాత్రం గవర్నర్ కౌన్సిల్ చేతిలో. ఆ సందు దొరికింది కాబట్టి పార్టీ పత్రిక ‘జస్టిస్’ మంత్రులను వదిలేసి, ఆదిద్రావిడుల బాగోగులు చూసే లేబర్ శాఖ మీద పడింది. ఆదిద్రావిడులను సర్కారు నెత్తికెక్కించుకోబట్టే ఇంత జరిగిందని వాదించింది. బ్రాహ్మణేతరులందరి తరఫునా మాట్లాడతామంటూ పుట్టిన పత్రిక, కాలిపోయిన ఇళ్లవాళ్లనే వేలెత్తి చూపింది! జాతీయవాదులకేమో అదంతా దొరల విభజించి పాలించే ఎత్తు. అందులో నిజం లేకపోలేదు. అయితే ఊళ్లో దూరంగా నిలబెట్టిన మనిషిని మిల్లు గేటు దగ్గర మాత్రం ‘రా సోదరా’ అని పిలిస్తే ఎందుకు నమ్ముతాడు? ఆ ప్రశ్న వేసుకోవడం మిల్లు దొరలను తిట్టడమంత సులువు కాదు.

మద్రాసులోనే అచ్చయ్యే తెలుగు పత్రికలూ ఈ రెండు గట్ల మీదే ఉండేవి. నాగేశ్వరరావు పంతులు ‘ఆంధ్రపత్రిక’ కాంగ్రెస్ వైపు, ‘ఆంధ్రప్రకాశిక’ జస్టిస్ వైపు. ఎవరి పాఠకులు వారికున్నారు. గుడిసెలు కాలినవాళ్ల చేతిలో మాత్రం ఒక దినపత్రిక లేదు.

అక్టోబరులో సమ్మె ఓడిపోయింది, యూనియన్ చితికిపోయింది.

ఇంత చెప్పి మా సంగతి దాటేస్తే బాగుండదు. బస్సులు ఆగాయనగానే మా డెస్క్‌లో చెయ్యి దానంతటదే ‘ప్రయాణికుల పాట్లు’ అని హెడ్డింగ్ పెట్టేస్తుంది. బస్టాండులో చంటిబిడ్డతో కూర్చున్న తల్లి ఫొటో మొదటి పేజీకి ఎక్కుతుంది. ఆ ఫొటో అబద్ధం కాదు. డ్రైవర్లు ఏం అడుగుతున్నారో తెలియాలంటే మాత్రం లోపలి పేజీ తిప్పి, చివరి పేరా దాకా చదవాలి. సమ్మె వార్తల్లో ఇకపై డిమాండ్లు మొదటి పేరాలోనే ఉండాలని డెస్క్‌కు చెప్పాం. సమ్మె మధ్యలో డ్యూటీకి వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారో వాళ్లనే అడిగి రాయమని రిపోర్టర్లకూ చెప్పాం.