తిరిగి వెళ్లినవాళ్లే అమెరికా బలం

2025 మే 22న ట్రంప్ ప్రభుత్వం హార్వర్డ్‌పై వేటు వేసింది. విదేశీ విద్యార్థులను చేర్చుకునే అర్హత ఆ విశ్వవిద్యాలయానికి లేదని ప్రకటించింది. ఆ దెబ్బకు గురైన దాదాపు 6,800 మందిలో బెల్జియం సింహాసనానికి వారసురాలైన ఎలిజబెత్ యువరాణి కూడా ఉన్నారు. అప్పటికి ఆమె హార్వర్డ్‌లోని కెనడీ స్కూల్‌లో పబ్లిక్ పాలసీ మాస్టర్స్ మొదటి ఏడాది పూర్తి చేశారు. మర్నాడే కోర్టు ఆ ఉత్తర్వుకు అడ్డుకట్ట వేసింది.

యువరాణికే దిక్కు లేదు, ఇక మనమెంత అన్న నిట్టూర్పు ఆ రోజుల్లో బాగా వినిపించింది. నాకు ఆ నిట్టూర్పు కన్నా దాని వెనకున్న ప్రశ్న ముఖ్యం. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం 1425లో మొదలైంది. హార్వర్డ్ కన్నా రెండు శతాబ్దాలు పెద్దది. ఆరు వందల ఏళ్ల చదువుల పీఠాన్ని ఇంట్లో ఉంచుకుని, రేపటి రాణికి పాలన నేర్పడానికి ఒక దేశం ఆమెను అట్లాంటిక్ దాటించి ఎందుకు పంపుతుంది? అలా పంపడం ఎవరికీ వింతగా తోచకపోవడమే అమెరికా సాధించిన అతిపెద్ద విజయం. దాన్ని వాషింగ్టన్ ఇప్పుడు తన చేతులతోనే పాడుచేసుకుంటోంది.

విదేశీ విద్యార్థుల గురించి మాట్లాడే వారందరూ ఒకే లెక్క వేస్తారు. ఎంతమంది వచ్చారు, ఎంత ఫీజు కట్టారు, ఎందరు అక్కడే ఉండిపోయి కంపెనీలు పెట్టారు, ఎన్ని నోబెల్‌లు తెచ్చారు. ఈ లెక్కలో తిరిగి ఇంటికి వెళ్లినవాడు నష్టం పద్దులో పడతాడు. యూరప్ విషయంలో ఈ లెక్క పూర్తిగా తలకిందులు. అమెరికాకు అసలు లాభం చేకూర్చింది తిరిగి వెళ్లినవాళ్లే.

2011 నవంబరును గుర్తుచేసుకోండి. యూరో మునిగిపోతుందా అని ప్రపంచం ఊపిరి బిగబట్టి చూస్తున్న నెల. ఒకటో తేదీన మారియో ద్రాగి యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు పగ్గాలు చేపట్టారు. ఆయన అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో (ఎంఐటీ) 1977లో పీహెచ్‌డీ పొందారు. పదకొండో తేదీన లూకాస్ పాపాడిమోస్ గ్రీసు ప్రధాని అయ్యారు. భౌతికశాస్త్రం నుంచి ఆర్థికశాస్త్రం దాకా ఆయన చదివిన డిగ్రీలన్నీ ఎంఐటీవే. పదహారున మారియో మోంటి ఇటలీ ప్రధాని అయ్యారు. ఆయన అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్థికవేత్త జేమ్స్ టోబిన్ దగ్గర చదువుకున్నారు. పాపాడిమోస్, మోంటి ఇద్దరూ ఎన్నికల్లో గెలిచి వచ్చినవారు కారు. పదహారు రోజుల్లో యూరప్ ఖజానా తాళాలు ముగ్గురి చేతికి వచ్చాయి. ముగ్గురూ ఒకప్పుడు అమెరికాలో పుస్తకాలు మోసుకుంటూ తిరిగిన విద్యార్థులే.

ఇక్కడితో అయిపోలేదు. ఆ సమయంలో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) ముఖ్య ఆర్థికవేత్త ఒలివియర్ బ్లాంషార్. ఫ్రెంచివాడు, ఎంఐటీ, 1977. అమెరికా ఫెడరల్ రిజర్వ్ అధిపతి బెన్ బెర్నాంకీ. ఎంఐటీ, 1979. బ్లాంషార్‌కు, బెర్నాంకీకి పరిశోధన నేర్పిన స్టాన్లీ ఫిషర్ అప్పుడు ఇజ్రాయెల్ కేంద్ర బ్యాంకు గవర్నరు. ఒక ఊళ్లోని ఒక విశ్వవిద్యాలయంలో, ఒక దశకంలో, ఒకే శాఖ వరండాల్లో తిరిగినవాళ్లు ఇరవై ఒకటో శతాబ్దపు అతి పెద్ద ఆర్థిక సంక్షోభాన్ని ఫోనుల్లో మాట్లాడుకుని నడిపించారు. అందరికీ ఒకే నమూనాలు, ఒకే పదజాలం, ఒకే గురువులు. అప్పుడు అట్లాంటిక్‌కు రెండు వైపులా మాట అర్థం కాకపోవడమన్న ఇబ్బందే రాలేదు. ఇంత పలుకుబడి ఏ విమానవాహక నౌక సంపాదించి పెడుతుంది? అమెరికాకు దీని కోసం అయిన ఖర్చల్లా కొన్ని ఫెలోషిప్‌లు.

ద్రాగికి పాఠం చెప్పిన ఫ్రాంకో మొడిగ్లియాని కథ కూడా చూడాలి. ముసోలినీ 1938లో తెచ్చిన జాతి చట్టాల నుంచి తప్పించుకుని, 1939లో న్యూయార్క్ చేరిన యూదు యువకుడాయన. అక్కడి న్యూ స్కూల్‌లో, హిట్లర్ వెళ్లగొట్టిన ఆచార్యుల కోసం 1933లో ఏర్పాటైన విభాగంలో చదివి, 1944లో డాక్టరేట్ తీసుకున్నారు. 1985లో నోబెల్ అందుకున్నారు. తరిమివేతకు గురైన ఆ విద్యార్థి ఎంఐటీ ఆచార్యుడై తన మాతృదేశపు భావి ప్రధానిని తయారుచేశారు. ద్రాగి 2021లో ఇటలీ ప్రధాని కూడా అయ్యారు కదా. ఆశ్రయమిచ్చిన దేశానికి ఇంతకన్నా వడ్డీ ఏ అప్పు మీదా రాదు.

దీనికి ఎదురుగా వినిపించే వాదన ఒకటుంది. అమెరికాలోని విదేశీ విద్యార్థుల్లో యూరప్ వాటా పదో వంతు కూడా లేదు. వాళ్లు రాకపోతే ఏ క్యాంపస్సూ మూతపడదు. పన్ను కట్టే అమెరికన్ పిల్లలకు ఆ సీట్లు దక్కితే తప్పేమిటి అంటారు. సంఖ్య మాట నిజమే. కానీ పలుకుబడి తలలు లెక్కపెడితే తేలేది కాదు. పైన చెప్పినవాళ్లందరూ ఒక బస్సులో పట్టేంతమంది లేరు. సీట్లు అమెరికన్లకు దక్కుతాయన్నది మరీ వింత. పరిశోధన నిధుల కోతతో హార్వర్డ్‌తో సహా పలు విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సీట్లనే తగ్గించాయి. విదేశీయుడికి లేని సీటు స్వదేశీయుడికీ లేదు.

వీసాల సంగతి అందరికీ తెలిసినదే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 2025 మే చివర కొత్త ఇంటర్వ్యూలు ఆపేశారు. జూన్‌లో తిరిగి మొదలుపెట్టి, సోషల్ మీడియా ఖాతాలను అందరూ చూసేలా తెరిచి పెట్టమన్నారు. ఆగస్టులో విద్యార్థి వీసాకు నాలుగేళ్ల గరిష్ఠ పరిమితి ప్రతిపాదించారు. అమెరికాలో పీహెచ్‌డీకి మామూలుగా అయిదారేళ్లు పడుతుందని ఆ ప్రతిపాదన రాసినవారికి తెలియదనుకోలేం. ఇరవై మూడేళ్ల డచ్చి అమ్మాయికో, పోలండ్ కుర్రాడికో ఈ అవమానాన్ని భరించాల్సిన అగత్యం లేదు. జ్యూరిక్ ఉంది, ఆమ్‌స్టర్‌డామ్ ఉంది. నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ చేసేవారిలో ఎక్కువమంది జీతం తీసుకునే విశ్వవిద్యాలయ ఉద్యోగులు. అంటే అమెరికా ముందుగా పోగొట్టుకునేది వేరే దారి ఉన్నవాళ్లనే. రేపటి ద్రాగి ఉండేది వాళ్లలోనే.

ఇలా పోగొట్టుకున్న దేశం చరిత్రలో మరొకటుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఈ ప్రయాణం అటు నుంచి ఇటు సాగేది. డాక్టరేట్ కావాలంటే అమెరికన్లు బెర్లిన్‌కో, గోటింగెన్‌కో, లైప్‌జిగ్‌కో ఓడెక్కేవారు. వేలల్లో వెళ్లారు. 1892లో బెర్లిన్‌కు వెళ్లిన డబ్ల్యూ.ఇ.బి. డు బోయిస్ వాళ్లలో ఒకరు. 1876లో పుట్టిన జాన్స్ హాప్కిన్స్ జర్మన్ నమూనాకు నకలు. జర్మనీ 1933 ఏప్రిల్‌లో ఒక్క చట్టంతో యూదు ఆచార్యులను కొలువుల నుంచి తీసేసింది. గోటింగెన్ గణితం, భౌతికశాస్త్రం కొద్ది నెలల్లోనే కుప్పకూలాయి. మాక్స్ బోర్న్, జేమ్స్ ఫ్రాంక్, రిచర్డ్ కూరంట్ వెళ్లిపోయారు. నేటి అమెరికాను నాటి జర్మనీతో పోల్చడం నా ఉద్దేశం కాదు. కానీ విద్యాపీఠం ఖండం మారడానికి ఎంతకాలం పడుతుందన్నదానికి అక్కడ కొలత దొరుకుతుంది.

మరి యూరప్ ఈ అవకాశాన్ని అందుకుంటోందా? నా సమాధానం, లేదు. సంతకు వెళ్లినట్లు వెళ్లి ఆచార్యులను కొనుక్కోవాలని చూస్తోంది. 2025 మే 5న పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయంలో యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లేయెన్, ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్ కలిసి శాస్త్రవేత్తలకు స్వాగతం పలుకుతూ మూడేళ్లకు 50 కోట్ల యూరోలు ప్రకటించారు. 27 దేశాల యూరోపియన్ యూనియన్ కూటమికి ఇది చిల్లర. పరిశోధనకు జీడీపీలో 3 శాతం ఖర్చు చేస్తామని ఇదే కూటమి 2002లో బార్సిలోనాలో ప్రతిజ్ఞ చేసింది. గడువు 2010. నేటికీ 2.2 శాతం దగ్గరే తచ్చాడుతోంది. జర్మనీలో 2007 నాటి చట్టం ప్రకారం పరిశోధకులను డాక్టరేట్‌కు ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు తాత్కాలిక కాంట్రాక్టుల మీద ఉంచవచ్చు. ఆ తర్వాత శాశ్వత కొలువు దొరక్కపోతే దారి వెతుక్కోవాల్సిందే. దీన్ని సమర్థిస్తూ అక్కడి విద్యాశాఖ చేసిన వీడియోలో హానా అనే కల్పిత పరిశోధకురాలు కనిపిస్తుంది. 2021లో వేలమంది ‘నేనే హానాను’ అంటూ సామాజిక మాధ్యమాల్లో తిరగబడ్డారు. ఇంట్లో ఉన్న హానాలకు కుర్చీ వేయకుండా, హార్వర్డ్ నుంచి రండి అని ఎర్ర తివాచీ పరిస్తే ఏం లాభం?

ఎస్తేర్ డఫ్లో ఉదంతం ఇంకా ముచ్చటైనది. పారిస్ నుంచి వెళ్లి ఎంఐటీలో 1999లో డాక్టరేట్ చేసి, అక్కడే ఉండిపోయి, 2019లో మన అభిజిత్ బెనర్జీతో కలిసి నోబెల్ పంచుకున్న ఆర్థికవేత్త ఆమె. ఇద్దరూ జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో చేరుతున్నట్లు 2025 అక్టోబరులో ప్రకటన వచ్చింది. యూరప్ పత్రికలు పండగ చేసుకున్నాయి. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశం కాదు. వారి కేంద్రానికి డబ్బు ఇస్తున్నది బ్రెజిల్‌కు చెందిన లెమన్ ఫౌండేషన్. యూనియన్ కేంద్రమైన బ్రసెల్స్ ఇందులో చేసిందేమిటో నాకైతే కనపడలేదు.

చేయాల్సింది ఏమిటో తెలియక కాదు. ఫ్రాన్సులోని తూలూజ్ నగరం యూరప్ కళ్ల ముందే ఉంది. జాన్ జాక్ లఫోన్ అనే యువకుడు 1975లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ పూర్తి చేసి ఫ్రాన్సు తిరిగివచ్చారు. పారిస్‌లోనే స్థిరపడిపోకుండా, దక్షిణాన విమానాలు తయారయ్యే తన ఊరికి వెళ్లి ఒక పరిశోధన సంస్థ నిర్మించడం మొదలుపెట్టారు. పుట్టిపెరిగిన దేశపు అధికారవర్గంతో గుద్దులాడారు. ఎంఐటీలో ఆచార్యుడిగా ఉన్న జాన్ టిరోల్‌ను 1990ల మొదట్లో అక్కడికి రప్పించుకోగలిగారు. టిరోల్ కూడా 1981 నాటి ఎంఐటీ డాక్టరేటే. లఫోన్ 2004లో క్యాన్సర్‌తో పోయారు. పదేళ్లకు టిరోల్‌కు నోబెల్ వచ్చింది, తూలూజ్ చిరునామాతో. ఈలోగా ఆ ఊరికే ఇతర దేశాల పిల్లలు పీహెచ్‌డీకి రావడం మొదలైంది. అసలు గెలుపు ఆ నోబెల్ కాదు, ఆ పిల్లల రాక. ఒక పేరున్న ఆచార్యుడిని తెచ్చుకుంటే ఆయన పదవీ విరమణతో కథ ముగుస్తుంది. డాక్టరేట్ కార్యక్రమాన్ని నిర్మిస్తే అది తరాలను కంటుంది.

పీహెచ్‌డీ ఎక్కడ చేస్తే ఏమిటి అనేవారు 2013 జనవరిని చూడాలి. గ్రీసు, ఇటలీ లాంటి దేశాల మీద రుద్దిన ప్రభుత్వ వ్యయాల పొదుపు వల్ల ఆర్థిక వ్యవస్థ ఎంత కుదించుకుపోతుందన్న అంచనా తక్కువైందని బ్లాంషార్ స్వయంగా ఒక పత్రం రాశారు. ఆ ఏడాది గ్రీసులో నిరుద్యోగం 27 శాతం దాటింది. లెక్క కట్టినవాడు, అమలు చేసినవాడు, పర్యవేక్షించినవాడు ఒకే బడిలో చదివితే, తప్పు పట్టేవాడు ఎక్కడి నుంచి వస్తాడు? అమెరికా తలుపు మూస్తే యూరప్ ఏడవనక్కర్లేదని నేననడానికి కారణమిదే. ఆ తలుపు మూసుకోవడం వాళ్లకు మేలు కూడా కావచ్చు, ఇంట్లో బడి కట్టుకునే ఓపిక ఉంటే.

దీనికి మన దగ్గరే గట్టి సాక్ష్యం ఉంది. దాన్ని మనమే మరిచిపోయాం. 2003 నుంచి 2008 దాకా రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా ఉన్న వై.వి. రెడ్డి డాక్టరేట్ ఉస్మానియాది. వాల్‌స్ట్రీట్ నడిమధ్యన పండగ సాగుతుండగా, బ్యాంకులు రియల్ ఎస్టేట్‌కు అప్పులివ్వడం ఖరీదయ్యేలా 2005లో, 2006లో ఆయన నిబంధనలు బిగించారు. వాణిజ్య స్థిరాస్తి రుణాల రిస్కు భారాన్ని, అంటే ఆ అప్పులకు బ్యాంకు పక్కన పెట్టాల్సిన సొంత మూలధనాన్ని తేల్చే కొలతను, 100 నుంచి 150 శాతానికి పెంచారు. పాతకాలపు మనిషి అని గొణిగినవారు గొణిగారు. 2008 సెప్టెంబరులో అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలినప్పుడు మన బ్యాంకులు నిలబడ్డాయి. ఆయన తర్వాత వచ్చిన దువ్వూరి సుబ్బారావు పీహెచ్‌డీ ఆంధ్ర విశ్వవిద్యాలయానిది. 2005లోనే అమెరికాలోని జాక్సన్ హోల్‌లో జరిగే కేంద్ర బ్యాంకర్ల సభలో ప్రమాదాన్ని చెప్పిన రఘురామ్ రాజన్ ఎంఐటీవాడే కదా అనవచ్చు. అవును, చెప్పారు. ఆ గదిలో ఎవరూ వినలేదు. హైదరాబాద్‌లో చదివిన మనిషికి మాత్రం ఆ గది సమ్మతి అవసరం పడలేదు.

2024-25 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3.63 లక్షల మంది భారతీయ విద్యార్థులున్నారు. అందులో తెలుగువారి వాటా ఎంత పెద్దదో ప్రతి వీధికీ తెలుసు. యూరప్ నుంచి పీహెచ్‌డీకి వెళ్లేవాడికి సాధారణంగా విశ్వవిద్యాలయమే ఫీజు మాఫీ చేసి, ఉపకారవేతనం ఇస్తుంది. మన పిల్లల్లో ఎక్కువమంది అప్పు చేసి, ఫీజు కట్టి, మాస్టర్స్ చేస్తారు. వీసా కష్టాల మీద మన చర్చలన్నీ ఈ రెండో రకం చుట్టూ తిరుగుతాయి. అది తప్పు కాదు, ఆ కుటుంబాల బాధ నిజమైనది. కానీ వై.వి. రెడ్డిని తయారుచేసిన ఉస్మానియాలో, సుబ్బారావుకు డాక్టరేట్ ఇచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్నా అది ఎన్నికల అంశం కాదు, టీవీ చర్చ అంతకన్నా కాదు. యూజీసీ నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) సాధించిన పరిశోధక విద్యార్థికి నెలకు 37,000 రూపాయలు వస్తాయి. అది రానివారికి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఇచ్చేది 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి అదీ లేదు.